ఆకు రాల్చింది గానీ పేణం రాల్చలేదు: కరువులో మన కొండ చెట్ల నీటి లెక్క

మందస దాటి మహేంద్రగిరి పాదాల వైపు పోయే దారిలో ఒక కొండవాలు ఉంది. వైశాఖమాసం, మధ్యాహ్నం రెండు గంటలు. గెడ్డలో నీరు ఎప్పుడో ఇంకిపోయి రాళ్లు తేలాయి. ఆ వాలు మీద పట్టుమని ముప్పై గజాల మేరలో నాలుగు రకాల చెట్లు కనిపించాయి. మొదటిది తపసి. ఒంటి మీద ఒక్క ఆకు లేదు. తెల్లటి బెరడు కాగితంలా పొరలు లేచి ఎండకి మెరుస్తోంది. దాని పక్కన నల్లమద్ది, మొసలి వీపులాంటి బెరడుతో, అదీ మోడే. కాస్త పైన గుగ్గిలం చెట్టు, ఇంకా ముదరని కొత్త ఆకులతో నిండుగా ఉంది. వాలు దిగువన ఎవరో వేసుకున్న జీడితోట, నల్లబడేంత ముదురు పచ్చగా ఉంది.

కొండ ఒకటే, మట్టి ఒకటే, పడిన వాన ఒకటే. మరి ఒకటి మోడై, ఇంకొకటి చిగురు తొడిగి, మరొకటి ఏమీ పట్టనట్టు పచ్చగా ఎలా ఉన్నాయి?

"ఈ రెండూ చచ్చిపోయాయా తాతా?" అని కూడా వచ్చిన సవర పెద్దాయన్ని అడిగాను. ఆయన తపసి మొదలు దగ్గర కూర్చుని, లేచిన పొరని తీసి, గోటితో సన్నగా గీకాడు. కింద ఆకుపచ్చగా ఉంది. వేలు పెడితే తడి తగిలింది. "ఆకు రాల్చీసింది గానీ పేణం రాల్చనేదు బాబూ" అన్నాడు.

ఆ మాటలో ఎంత శాస్త్రం ఉందో తర్వాత చదువుకుంటే గానీ నాకు తెలియలేదు. వేసవిలో పచ్చగా కనిపించే చెట్టు క్షేమంగా ఉందని, మోడైన చెట్టు పోయిందని మనం అనుకుంటాం. కరువు ముదిరినప్పుడు ఆ అంచనా చాలాసార్లు తలకిందులవుతుంది. ఎందుకో చెప్పాలంటే ముందు చెట్టులో నీరు ఎలా నడుస్తుందో చూడాలి.

వాన తక్కువేం కాదు, కానీ

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఏటా సగటున 1,100 మిల్లీమీటర్ల పైచిలుకు వాన పడుతుంది. అనంతపురం వాళ్లకి దక్కేదానికి ఇది దాదాపు రెట్టింపు. చిక్కు ఎక్కడంటే, అందులో చాలావరకు జూన్ నుంచి అక్టోబరు లోపే పడిపోతుంది. కార్తీకం దాటాక తుపాను వస్తే తప్ప చెప్పుకోదగ్గ వాన ఉండదు. అంటే ఏటా అయిదారు నెలలు చెట్టు పాత తడి మీదే బతకాలి. దానికి మన కొండ చెట్లు వేల తరాలుగా అలవాటుపడ్డాయి.

అసలు పరీక్ష వానాకాలంలోనే మొదలవుతుంది. 2002, 2009 లాంటి కరువు సంవత్సరాల్లో నేల నిండా తడవకుండానే వేసవిలోకి అడుగుపెట్టింది. 2023 ఆగస్టు అయితే దేశం మొత్తం మీద చూసినప్పుడు 1901 తర్వాత అంత పొడి ఆగస్టు మరొకటి లేదు. పంట బెట్టకి వచ్చిందని రైతు గోల పెడతాడు, పేపర్లో పడుతుంది. అదే బెట్ట కొండ మీద చెట్టుకీ వస్తుంది. దాని గోడు వినేవాడు ఉండడు.

చెట్టు తూములు

ఆకు అడుగుభాగాన కంటికి కనిపించని చిన్న చిన్న రంధ్రాలు ఉంటాయి. బడి పుస్తకాల్లో పత్రరంధ్రాలని చదువుకున్నాం. వాటిని చెరువు తూములనుకోండి. చెట్టుకి తిండి వండుకోవడానికి గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కావాలి. అది లోపలికి రావాలంటే తూము ఎత్తాలి. తూము ఎత్తగానే లోపలి తడి బయటికి పోతుంది. వేర్లు తాగిన ప్రతి నూరు చెంబుల్లో తొంభై ఏడుకి పైగా ఇలా గాలిలో కలిసిపోయేవే. ఒంటికి పట్టేది రెండు మూడు చెంబులు.

కాబట్టి కరువులో చెట్టుకి రెండు దారులు. తూము దించేస్తే నీరు మిగులుతుంది, కానీ పొయ్యి ఆరిపోతుంది. ఎత్తి ఉంచితే తిండి దొరుకుతుంది, కానీ నీరు అయిపోతుంది. ఎప్పుడు దించాలి, ఎంత దించాలి అన్నది ఒక్కో జాతికి ఒక్కోలా రాసిపెట్టి ఉంది. మట్టి ఎండుతున్నప్పుడు అబ్సిసిక్ ఆమ్లం అనే హార్మోను చెట్టులో పెరుగుతుంది. తూముల్ని మూయించేది ముఖ్యంగా అదే. దానికి త్వరగా లొంగే జాతులున్నాయి, ఆలస్యంగా లొంగేవీ ఉన్నాయి.

ఇక్కడ గాలి పాత్ర కూడా పెద్దదే. 30 డిగ్రీల దగ్గర గాలి పట్టగలిగిన తేమ కంటే 42 డిగ్రీల దగ్గర దాదాపు రెట్టింపు తేమ పడుతుంది. అంటే మట్టిలో తడి అంతే ఉన్నా, వడగాడ్పు రోజున ఆకు మీద లాగుడు చాలా పెరుగుతుంది. తూములన్నీ మూసుకున్నా ఆకుపై మైనపు పొరగుండా కొద్దికొద్దిగా కారుతూనే ఉంటుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ రోజుల్లో తూములు దించుకున్న చెట్టు కూడా పూర్తిగా భద్రం కాదు.

మోటారుకి గాలి పట్టినట్టు

బావి గట్టు మీద మోటారు పెట్టుకున్న రైతుకి ఈ సంగతి నేను కొత్తగా చెప్పక్కర్లేదు. నీటిమట్టం పాతిక ముప్పై అడుగులు దిగిపోతే గట్టు మీది మోటారు తోడలేదు. మోటారునే బావిలోకి దించాలి. పైనుంచి పీల్చే ఏ పంపుకైనా లెక్క ప్రకారం హద్దు సుమారు పది మీటర్లు. మరి వంద అడుగుల గుగ్గిలం చెట్టు, మోటారు లేకుండా, వేరు నుంచి చిటారు కొమ్మకి నీరు ఎలా ఎక్కిస్తోంది?

దీనికి 1894లో డబ్లిన్‌లో హెన్రీ డిక్సన్, జాన్ జోలీ అనే ఇద్దరు జవాబు ఇచ్చారు. చెట్టులో నీరు సన్నటి గొట్టాల్లో తెగని తాడులా ఉంటుంది. నీటి అణువులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుంటాయి. ఆకు దగ్గర నీరు ఆవిరైన కొద్దీ ఆ తాడు పైకి లాగబడుతుంది. లాగే బలం ఎండది. చెట్టు చేసేది తాడు తెగకుండా చూసుకోవడం.

ఆ లాగుడు ఎంత ఉంటుందో కొలవడం చాలాకాలం ఎవరికీ చేతకాలేదు. 1965లో పెర్ షోలాండర్ బృందం ఒక ఉపాయం చేసింది. కొమ్మ కోసి ఇనుప గదిలో బిగించి, కోసిన చివర బయటికి ఉంచి, గదిలో గాలి ఒత్తిడి పెంచుతూ పోతారు. ఏ ఒత్తిడి దగ్గర కోసిన చోట నీటి చుక్క కనిపిస్తే, కొమ్మలో లాగుడు అంత ఉన్నట్టు. ఎత్తయిన డగ్లస్ ఫర్ చెట్ల చిటారు కొమ్మలు అందక తుపాకీతో కాల్చి పడగొట్టారట. అలా తేలిన అంకెలు నమ్మలేనంత పెద్దవి. మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడిని ఒక వాతావరణం అంటారు. కారు టైరులో గాలి ఒత్తిడి సుమారు రెండు వాతావరణాలు. ఎండాకాలంలో బెట్టకి వచ్చిన చెట్టు గొట్టంలో లాగుడు ఇరవై, ముప్పై వాతావరణాల దాకా పోతుంది.

అంత లాగుడు మీద ఉన్న తాడు ఎక్కడో ఒక చోట తెగుతుంది. పక్క గొట్టం నుంచి సూది మొనంత గాలి దూరుతుంది. అది ఒక్కసారిగా ఉబ్బి గొట్టం నిండా పరుచుకుంటుంది. ఇక ఆ గొట్టంలో నీరు ఎక్కదు. ఫుట్‌వాల్వ్ లీకై మోటారుకి గాలి పట్టినప్పుడు ఏమవుతుందో గుర్తు చేసుకోండి. మోటారు తిరుగుతుంది, మోత వస్తుంది, నీళ్లు మాత్రం రావు. మనమైతే బిందెడు నీళ్లు పోసి గాలి పోగొడతాం. చెట్టుకి ఆ బిందె పోసేవాళ్లు లేరు.

గొట్టాలు ఇలా తెగడాన్ని మనుషులు చెవులతో విన్నారు కూడా. 1966లో మిల్బర్న్, జాన్సన్ అనే ఇద్దరు ఆముదం ఆకు కాడకి సున్నితమైన శబ్దగ్రాహకాన్ని తగిలించి, ఆకు వాడుతుంటే విన్నారు. టిక్, టిక్ మంటూ చప్పుళ్లు. ఆకు ఎండిన కొద్దీ ఒక్కో గొట్టం తెగుతున్న చప్పుడది. మన ఊళ్లలో చేను గట్టు మీద, పెంటపోగు పక్కన మొలిచే అదే ఆముదం మొక్క. మధ్యాహ్నం ఎండకి దాని ఆకులు వేలాడిపోయినప్పుడు లోపల అదే చప్పుడు నడుస్తూ ఉంటుందన్నమాట. మనకి వినపడదు.

కొన్ని గొట్టాలు తెగితే చెట్టు తట్టుకుంటుంది. సగానికి మించి, ముప్పావు దాకా తెగితే పైన ఉన్న ఆకులకి దిక్కుండదు. గొట్టం వెడల్పు కూడా ఇక్కడ లెక్కలోకి వస్తుంది. వెడల్పు రెట్టింపైతే పారే నీరు పదహారు రెట్లవుతుంది. కానీ వెడల్పు గొట్టాలున్న కలపకి సాధారణంగా గాలి త్వరగా పడుతుంది. కోత మిల్లులో టేకు దుంగ అడ్డకోత దగ్గర నిలబడి చూడండి. ఒక్కో ఏటి వలయం మొదట్లో చిన్న చిన్న చిల్లులు వరసగా కంటికే కనిపిస్తాయి. వానాకాలంలో టేకు అంత జోరుగా పెరగడానికి, వేసవిలో ఆకు నిలుపుకోలేకపోవడానికి ఆ చిల్లులతో సంబంధం ఉంది.

2012లో బ్రెండన్ చోట్, మరికొందరు కలిసి ప్రపంచంలోని 81 చోట్ల నుంచి 226 చెట్టు జాతుల లెక్కలు తీసి చూశారు. దాదాపు 70 శాతం జాతులు ఆ తెగే హద్దుకి చాలా దగ్గరలో బతుకుతున్నాయని తేలింది. నన్ను ఎక్కువ ఆపింది అందులో ఇంకో మాట. వాన దండిగా కురిసే అడవుల చెట్లకీ, పొడి అడవుల చెట్లకీ ఈ విషయంలో పెద్ద తేడా లేదు. ప్రతి చెట్టూ తన చోట పడే వానకి సరిపడా మాత్రమే సిద్ధపడింది. మిగులు దాచుకోలేదు. కాబట్టి కోరాపుట్ వైపు పచ్చటి లోయలో ఉన్న చెట్టు మెట్ట మీది చెట్టు కంటే నిశ్చింతగా ఉందని అనుకోవడానికి లేదు.

ముందే దించేవి, ఆఖరిదాకా లాగేవి

అమెరికాలోని న్యూమెక్సికోలో రెండు చెట్లు పక్కపక్కనే పెరుగుతాయి. పిన్యన్ పైన్ ఒకటి, జునిపర్ ఒకటి. 2002, 2003లో అక్కడ వేడితో కూడిన కరువు వచ్చింది. పిన్యన్ పైన్లు గుట్టలు గుట్టలుగా చచ్చిపోయాయి. ఉత్తర న్యూమెక్సికోలో పరిశోధకులు ఎన్నో ఏళ్లుగా గమనిస్తున్న ఒక చోట నూటికి తొంభైకి పైగా పోయాయి. జునిపర్లు చాలావరకు నిలిచాయి.

ఇందులో తిరకాసు ఉంది. పిన్యన్ జాగ్రత్తపరురాలు. మట్టి ఎండగానే తూములు దించేస్తుంది, గొట్టంలో లాగుడు పెరగనివ్వదు. జునిపర్ తెగించి తూములు ఎత్తే ఉంచుతుంది. చూడబోతే జాగ్రత్తపరురాలే బతకాలి. కానీ కరువు నెలల తరబడి సాగితే తూములు దించుకున్న చెట్టుకి తిండి ఉండదు. నిల్వ చేసుకున్న పిండిపదార్థం కరిగిపోతుంది. బంక తయారు చేసుకునే శక్తి పోతుంది. బెరడు పురుగు తొలిస్తే అడ్డుకునే బంక లేదు. జునిపర్ గొట్టాలు బలమైనవి కాబట్టి ఆ లాగుడు తట్టుకుని, అంతో ఇంతో తింటూ గడిపేసింది.

అయితే దాహంతో చావడం వేరు, ఆకలితో చావడం వేరు అని గీత గీయలేం. 2017లో 26 జాతుల మీద జరిగిన పరిశోధనల్ని ఒక చోట చేర్చి చూస్తే, చచ్చిన చెట్లన్నిట్లోనూ గొట్టాలు తెగడం కనిపించింది. తిండి నిల్వలు తరిగిపోవడం సుమారు సగం సందర్భాల్లో తోడైంది. పైగా "ముందే దించేది", "ఆఖరిదాకా లాగేది" అనేవి రెండు పెట్టెలు కావు. మధ్యలో ఎన్నో మెట్లున్నాయి. అదే చెట్టు ఒక ఏడు ఒకలా, ఇంకో ఏడు ఇంకోలా ప్రవర్తించడమూ ఉంది. ఇంత చెప్పుకున్నాక మన వాలు దగ్గరికి తిరిగి వద్దాం.

తపసి, నల్లమద్ది

తపసి ఆట నుంచే తప్పుకునే చెట్టు. చలికాలం దాటుతుండగానే ఆకు రాల్చేస్తుంది. ఆకే లేకపోతే తూము గొడవే లేదు, గొట్టంలో లాగుడు లేదు. కలప మెత్తన, నీరు పట్టే కణజాలం ఎక్కువ. పెద్దాయన గోటితో గీకి చూపించిన ఆ పచ్చదనం హరితపదార్థం. చెట్టు ఊపిరి తీసినప్పుడు కాండంలోనే విడుదలయ్యే కార్బన్ డయాక్సైడ్‌ని ఆ పచ్చ పొర మళ్లీ పట్టుకుని తిండిగా మారుస్తుంది. తూము ఎత్తకుండా, నీరు ఖర్చు కాకుండా. కాగితంలా పలచనైన తెల్ల బెరడు వెలుతురుని లోపలికి వదులుతుంది, ఎక్కువైన ఎండని వెనక్కి కొడుతుంది.

తపసి జిగురు మన ఏజెన్సీలో ఇంటింటికీ తెలిసిన సరుకు. గిరిజన సహకార సంస్థ దాన్ని కొంటుంది. ఆ జిగురు ముక్క నీళ్లలో వేస్తే ఎన్నో రెట్లు ఉబ్బుతుంది. నీటిని పట్టి ఉంచే గుణం దానిలోనే ఉంది. జిగురు కోసం లోతుగా, చుట్టూ గాట్లు పెడితే చెట్టు చచ్చిపోతుందని తీసేవాళ్లకి తెలుసు. ఇప్పుడు ఆలోచిస్తే, ఆ గాటు పడేది చెట్టు వేసవి అంతా బతికే పొర మీదే. పైపైన, ఒక పక్కన చిన్న గాటుతో సరిపెట్టుకునేవాళ్ల చెట్టు ఎందుకు నిలుస్తుందో దీంతో అర్థమవుతుంది.

ఆకు రాల్చే చెట్లలో ఇంకో వింత ఉంది. కొండగోగు, బూరుగు, మోదుగ మోడుగా ఉన్నప్పుడే ఒంటినిండా పూలు పూస్తాయి. మాఘ, ఫాల్గుణాల్లో కొండ మీద ఆ పసుపూ ఎరుపూ చూసి, ఇంత ఎండలో వీటికి నీళ్లెక్కడివి అని నేను ఎన్నోసార్లు అనుకున్నాను. రోల్ఫ్ బోర్చెర్ట్ అనే ఆయన కోస్టారికా పొడి అడవుల్లో దీన్నే వెతికాడు. ఆకులు రాలిపోగానే నీటి ఖర్చు ఆగిపోతుంది. వేర్లు తెచ్చే కొద్దిపాటి తడి కాండంలో మళ్లీ నిండుతుంది. అలా నిండిన నీటితో మొగ్గ విప్పుకుంటుంది. అంటే ఆకు రాల్చడం పువ్వుకి నీరు కూడబెట్టడం కూడా.

నల్లమద్ది కథ మరోలా ఉంది. 2024 మార్చిలో పాపికొండల జాతీయ పార్కులో అటవీ అధికారులు ఒక నల్లమద్ది బెరడు మీద గాటు పెడితే నీరు కుళాయిలా చిమ్మింది. ఆ వీడియో అందరి ఫోన్లలోకీ వచ్చింది. కొండరెడ్లకి తరాలుగా తెలిసిన సంగతిని అధికారులు చూసి నిర్ధారించుకున్నారు, అంతే. ప్రతి నల్లమద్దిలోనూ అలా నీరుండదు. అడవిలో తిరిగేవాళ్లు కాండం మీద ఉబ్బు చూసి గుర్తుపడతారు. వీడియో చూసి కత్తి పట్టుకుని కనపడిన ప్రతి మద్ది మీదా గాటు పెట్టబోయేవాళ్లకి నేను చెప్పేది ఒక్కటే: దయచేసి వద్దు. ఎండాకాలంలో పెట్టిన గాటు మానడానికి చెట్టుకి నీరూ తిండీ కావాలి. అప్పుడు దాని దగ్గర రెండూ తక్కువే.

దీనికి వరసకి తోబుట్టువు ఏరుమద్ది, తెల్లమద్ది అని కూడా అంటారు. నాగావళి గట్ల మీద, కొండ గెడ్డల అంచుల్లో నీటిలోకి వేరు చాపుకుని నిలబడుతుంది. దానికి నీటి కొరత పెద్దగా అలవాటు లేదు. గెడ్డ అంచు చెట్ల గొట్టాలు సాధారణంగా పొడి వాలు మీది చెట్ల గొట్టాలంత బలంగా ఉండవు. గెడ్డ పైన చెక్‌డ్యామో, మోటార్లో పెట్టి నీరు తోడేసి, ఊట నిలిచిపోతే, పైన వాలు మీది మోడు చెట్ల కంటే ముందు దెబ్బతినేది ఎప్పుడూ పచ్చగా ఉండే ఈ ఏరుమద్దే కావచ్చు.

నడి ఎండలో చిగురెందుకు

గుగ్గిలం అంటే ఉత్తరాది వాళ్ల సాల వృక్షం. హిమాలయాల కింది నుంచి ఛత్తీస్‌గఢ్, ఒడిశా మీదుగా దిగివచ్చే సాల అడవులకి దక్షిణపు అంచుల్లో మన ఉత్తరాంధ్ర కొండలు ఒకటి. ఇది ఎప్పుడూ పూర్తిగా మోడు కాదు. పాత ఆకు రాలుతుండగానే, ఫాల్గుణ చైత్రాల్లో కొత్త ఆకు వచ్చేస్తుంది. కానుగా అంతే. ఇప్ప అయితే పూలు రాల్చి వెంటనే ఇగురు వేస్తుంది. వాన రావడానికి ఇంకా రెండు నెలలు ఉండగా, లేత ఆకు పెట్టడం పిచ్చిపనిలా కనిపిస్తుంది. ఆసియా రుతుపవన అడవుల ఈ వింతని 2006లో ఇలియట్, బేకర్, బోర్చెర్ట్ వివరించారు. మన దగ్గర వానాకాలం పొట్టి. వాన పడ్డాక ఆకు వేయడం మొదలుపెడితే మంచి రోజులు సగం అయిపోతాయి, పైగా ఆకు తినే పురుగు కూడా అప్పుడే పుడుతుంది. మేఘాలు కమ్మకముందే ఆకు సిద్ధంగా ఉంటే మొదటి చినుకు నుంచీ లాభమే. ఈ పందెం వేసేది లోతు మట్టిలో తడి దొరికే చెట్టు మాత్రమే. గత వానాకాలం బాగా లేకపోతే ఆ తడి ఉండదు, పందెం ఓడిపోతుంది.

గుగ్గిలానికి ఇంకో బలహీనత ఉంది. దాని గింజ ఆరితే చచ్చిపోతుంది. వడ్లలా, కందుల్లా దాచిపెట్టి వచ్చే ఏడు నాటలేం. రెక్కలున్న ఆ గింజలు జ్యేష్ఠంలో గాలికి గిరగిరా తిరుగుతూ రాలతాయి. వారం పది రోజుల్లో తడి నేల దొరక్కపోతే మొలకెత్తే శక్తి పోతుంది. రుతుపవనాల రాకతో ఆ రాలడానికి అంత దగ్గరి ముడి ఉంది. మొలిచిన మొక్క కూడా వెంటనే పెరగదు. ఏటా వేసవిలో పైన ఉన్న కొమ్మ చచ్చిపోతుంది, వేరు మాత్రం లావెక్కుతుంది. వానలకి మళ్లీ మొలుస్తుంది, మళ్లీ పైభాగం చస్తుంది. ఇలా ఎన్నో ఏళ్లు గడిచి, వేరు తగినంత లోతుకి దిగాకే మొక్క నిలబడి పైకి లేస్తుంది. అడవి నేల మీద జానెడు గుగ్గిలం మొక్కని చూసి ఇది నిరుడు మొలిచింది అనుకోకూడదు. దాని వేరు వయసు పదేళ్లు ఉండొచ్చు. పోడుకోసమో, వేసవి నిప్పుకో ఆ జానెడు మొక్క పోతే ఆ ఏళ్లన్నీ పోయినట్టే.

వెదురు గురించి ఒక్క మాట. తెల్లవారుజామున వెదురు ఆకుల కొసల్లో కనిపించే బొట్లన్నీ మంచు కాదు. రాత్రి ఆకులు నీరు లాగనప్పుడు వేర్లు కిందినుంచి నెట్టే నీరది. పగలు గాలి పట్టిన గొట్టాలు కొన్ని ఆ నెట్టుడుకి మళ్లీ నిండుతాయి. నేలలో తడి ఉన్నంతకాలమే ఈ సదుపాయం. ఇక తాటిచెట్టుకి మిగతా చెట్లలా ఏటా కొత్త కలప రాదు. పుట్టినప్పటి గొట్టాలతోనే జీవితాంతం నెట్టుకురావాలి కాబట్టి, ఆ గొట్టాల చుట్టూ నీటి నిల్వ పెట్టుకుని వాటిని కాపాడుకుంటుంది.

కొండ లోపలి చెలమ

మన కొండలు చాలావరకు ఖొండలైట్ రాయి. మన కొండల్లో ఉండే ఖోండు గిరిజనుల పేరే దానికి పెట్టారు. ఇది గ్రానైటులా బిగుసుకుని ఉండదు, లోతుగా మెత్తబడి, పగుళ్లు విచ్చుకుంటుంది. పైమట్టి రెండడుగులే ఉన్నా, ఆ కింద మెత్తబడిన రాతి పగుళ్లలో వాననీరు నెలల తరబడి దాగి ఉంటుంది. వేసవిలో ఏటి ఇసుకలో చెలమ తవ్వి నీళ్లు తోడుకున్నట్టు, ఆ పగుళ్లలోకి వేరు దించగలిగిన చెట్టు నీరు తోడుకుంటుంది. జీడి పచ్చగా ఉండడానికి కారణం చాలావరకు ఇదే. దాని తల్లివేరు లోతుకి దిగుతుంది, పక్కవేర్లు చాలా దూరం పాకుతాయి.

లోతు నీటిని ఎప్పుడు ముట్టుకోవాలన్నదీ జాతిని బట్టి మారుతుంది. అమెరికాలోని అరిజోనాలో అద్దాల కప్పు కింద పెంచిన ఉష్ణమండల అడవి ఒకటుంది, బయోస్ఫియర్ 2 అంటారు. 2019లో అక్కడ రెండు నెలలకి పైగా వాన ఆపేసి, చెట్లు నీటిని ఎలా వాడుకుంటాయో గమనించారు. లోతు నీటికి గుర్తుగా భార హైడ్రోజన్ కలిపిన నీరు పోశారు. దాంతో ఏ చెట్టు ఎప్పుడు ఆ లోతుకి వెళ్లిందో తెలుస్తుంది. మామూలు రోజుల్లో దండిగా తాగే పెద్ద చెట్లు కరువు రాగానే ఖర్చు బాగా తగ్గించుకున్నాయి. పైమట్టి బాగా ఎండిపోయే దాకా లోతు నీటి జోలికి పోలేదు. ఒక్కో జాతి ఒక్కోలా ప్రవర్తించినందువల్లే అడవి మొత్తంగా ఎక్కువకాలం తట్టుకుంది.

కొన్ని చెట్ల వేర్లు రాత్రిపూట లోతు నీటిని పైమట్టిలోకి వదులుతాయి కూడా. 1987లో రిచర్డ్స్, కాల్డ్‌వెల్ అమెరికా పొడి నేలల్లోని ఒక పొదలో దీన్ని గుర్తించారు. తర్వాత చాలా జాతుల్లో కనిపించింది. రాత్రి తూములు మూసి ఉంటాయి కాబట్టి వేర్లోకి ఎక్కిన నీరు ఎండిన పైమట్టి వైపు జారుతుంది. తెల్లారాక అదే నీటిని ఆ చెట్టూ తాగుతుంది, పక్కనున్న చిన్న మొక్కలూ తాగుతాయి.

ఇదంతా కలగలిసిన అడవిలో జరిగేది. కొండ మొత్తం ఒకే చెట్టు వేస్తే పరిస్థితి మారిపోతుంది. నీలగిరి తోటల్నే తీసుకోండి. విజయనగరం మెట్టల మీద ఎక్కడ చూసినా అవే. కర్ణాటకలో 1990ల్లో తీసిన కొలతల్లో నీలగిరి తోట ఆ కాలంలో పడిన వాన కంటే ఎక్కువ నీరు వాడినట్టు తేలింది. వేర్లు ఏటేటా ఇంకా లోతుకి దిగి, అక్కడ ఎన్నేళ్లుగానో దాగిన తడిని తోడుకున్నాయి. చెట్టు తప్పేమీ లేదు, దాని పద్ధతి అది. కానీ మెట్ట మీద ప్రతి చెట్టూ ఒకే సమయంలో, ఒకే లోతులో, ఒకే జోరుతో తోడుతుంటే, దాహం వేసిన రోజున అన్నిటికీ ఒకేసారి వేస్తుంది. తపసి తప్పుకుని, గుగ్గిలం లోతుకి దిగి, నల్లమద్ది ఆలస్యంగా ఆకు రాల్చి, ఎవరి వంతు వారు తీసుకునే వాలులో ఆ తొక్కిసలాట ఉండదు. మొక్కలు నాటే పథకాల్లో నర్సరీలో దొరికిన ఒకటి రెండు జాతులే వేసుకుంటూ పోవడం నాకు కష్టంగా అనిపించేది ఇందుకే.

వాన పడ్డాక

కరువు తీరగానే చెట్టు తేరుకోదు. విలియం ఆండెరెగ్, మరికొందరు 2015లో ప్రపంచవ్యాప్తంగా చెట్ల వలయాలు చూసి, పెద్ద కరువు తర్వాత ఒకటి నుంచి నాలుగేళ్ల దాకా పెరుగుదల తగ్గే ఉంటుందని చూపించారు. తెగిన గొట్టాల స్థానంలో కొత్త కలప రావాలి, దానికి తిండి కావాలి, తిండికి ఆకు కావాలి. కరువులో నిలిచిన చెట్టు మంచి వానలు పడిన రెండో ఏట ఎండిపోతే, మనం ఆ ఏటి పురుగునో తెగులునో తిట్టుకుంటాం.

వేసవిలో మోడు చెట్టుని ఎండిపోయిందని కొట్టేయడం మన ఊళ్లలో మామూలే. మా బంధువుల ఊళ్లో చెరువుగట్టు మీది పెద్ద బూరుగుని అలాగే వైశాఖంలో కొట్టేశారు. గొడ్డలి పడ్డాక మొదట్లోంచి నీరు కారింది. తెలుసుకోవాలంటే కొమ్మ చివరి నుంచి కిందికి వస్తూ గోటితో సన్నగా గీకాలి. చివర ఎండి గోధుమరంగులో ఉన్నా, కింద ఎక్కడో పచ్చదనం కనిపిస్తే చెట్టు అక్కడిదాకా వెనక్కి తగ్గి బతికే ఉంది. తొలకరి పడి నెల దాటాక కూడా ఎక్కడా పచ్చ లేకపోతే అప్పుడు పోయినట్టు.

మందస వాలు దగ్గరికి ఆషాఢం చివర మళ్లీ వెళ్లాను. నల్లమద్ది నిండా ఆకులతో ఉంది. తపసికి అప్పుడే అరచేయంత ఆకులు విచ్చుకుంటున్నాయి. గుగ్గిలం కింద మాత్రం రెక్కల గింజలు గోధుమరంగుకి తిరిగి, వేలితో నలిపితే పొడిగా విరిగిపోతున్నాయి. ఆ ఏడు అవి రాలాక వాన పది రోజులు ఆలస్యమైంది. పెద్దాయనా నేనూ వంగి వెతికితే, గెడ్డ అంచున నీడలో పడిన వాటిలో కొన్ని మాత్రం మొలిచి కనిపించాయి.